మధుమేహము – పథ్యముయొక్క చరిత్ర



ఇప్పటికి పదునొకండేండ్ల క్రిందట నా రక్తములో చక్కెర మితిమీరినదని వైద్యుడు కనుగొనెను. మాత్రలు వ్రాసి యిచ్చి, అన్నము తగ్గింపవలెనని చెప్పెను. ఈ మాట యెంత కఠినమైనదో తమకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. మనయిండ్లలో భోజనమైనదా యని యడుగుటకు బదులు అన్నము తింటివా యని యడుగుదుము. బిడ్డకు చేయు తొలివేడుకలలో అన్నప్రాశన మొకటి. పోయినవారికి మనము పెట్టునదియు అన్నపుముద్దయే. గోదావరి కాలువక్రింద పుట్టి పెరిగిన నాకు అన్నము తగ్గింపుమనుట ఆయువు తగ్గింపుమన్నట్లే వినబడెను. కొన్నేండ్లు ఆ మాట చెవిని పెట్టకుంటిని.

తరువాత నొకనాడు పౌరుషము వచ్చినది. వైద్యునితో చెప్పకయే అన్నమును పూర్తిగ మానివైచి, మాత్రలను మాత్రము మునుపటివలెనే మ్రింగుచుంటిని. మూడవనాటి సాయంకాలము కాలువగట్టున నడచుచుండగా ఒడలెల్ల చెమటలు పట్టెను, చేతులు వణకెను, కన్నులకు చీకట్లు క్రమ్మెను, కూలబడితిని. పొలమునుండి వచ్చుచున్న పాలేరొకడు నన్ను గుర్తించి, నాకింకను స్పృహ యుండగనే బెల్లపునీరు త్రాగించి బ్రతికించెను.

పథ్యము చేయకపోవుట నా మొదటి తప్పు. తెలియక చేయుట రెండవ తప్పు. ఈ రెండవదియే మొదటిదానికంటె త్వరగ నన్ను కడతేర్పబోయినది. ఆనాటినుండి ఈ పథ్యమెక్కడ పుట్టినది, ఎవరు పరీక్షించిరి, దానివలన నెవరు బాగుపడిరి, ఎవరు చెడిరి యని తెలిసికొనుటకు ప్రయత్నించితిని. ఆ చరిత్రను ఈ పూట తమకు విన్నవించెదను.

ముందుగా మన దేశము మాట. చరకసంహితయు సుశ్రుతసంహితయు ప్రమేహము లిరువది విధములని చెప్పి, అందు మధుమేహము నొకదానిగా నెంచినవి. మూత్రము తీపియగుననియు, దానికి చీమలు చేరుననియు మన పూర్వులెరుగుదురు. సుఖముగ కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, క్రొత్తధాన్యము, బెల్లపు వంటకములు – ఇవి యీ రోగమునకు కారణములని చరకుడు చెప్పెను. సుశ్రుతుడు మరియొక ముఖ్యవిషయమును గుర్తించెను. పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది మరియొకటి యని ఆయన రోగమును రెండుగ విభజించెను. మొదటివాడు కృశించియుండును, రెండవవాడు స్థూలుడై, తిండియు పడకయు మరిగియుండును. కృశించినవానిని పోషింపవలెననియు, స్థూలుని తగ్గింపవలెననియు ఆయన శాసనము. ఈ భేదమును శ్రోతలు మనస్సున నుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. కథ చివర దీనితో మరల పనియున్నది.

ఆ వైద్యులు విధించిన యాహారమేమనగా – యవలు, శ్యామాకములు, మనము అరికెలనెడి కోద్రవములు, పాతధాన్యము, చేదుకూరలు. ధనహీనుడైన రోగి చెప్పులును గొడుగును లేక ఊరూర నొకరాత్రి మాత్రము నిలిచి నూరు యోజనములు నడువవలెనని సుశ్రుతుడు చెప్పెను. నూయి త్రవ్వుటయు ఆయన చికిత్సలోనిదే. అనగా ఆహారమును తగ్గించి దేహమును పనిచేయించుట యను సూత్రము మనకు పరాయిది కాదు.

పశ్చిమదేశముల సంగతి చూతము. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అరెటియస్ అను గ్రీకువైద్యుడు ఈ రోగమును వర్ణించుచు, మాంసమును అవయవములును కరగి మూత్రముగ పోవుచున్నట్లుండునని వ్రాసెను. 1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్లేయవైద్యుడు ఆ మూత్రము తీపియని రుచినిబట్టి ప్రకటించెను. 1776లో లివర్‌పూల్ పట్టణపు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ దానిని మరిగించి యింకించి, అడుగున మిగిలినది చక్కెరయని చూపెను. రక్తరసమును తియ్యగనే యుండునని కనుగొనినదియు నాతడే. దోషము మూత్రములోనిదే కాదు, శరీరమంతటను వ్యాపించినదని అప్పుడు తెలిసెను.

ఇక పథ్యమునకు వత్తము. 1796లో ఇంగ్లండు ఫిరంగిదళపు వైద్యాధికారి జాన్ రోల్లో యొద్దకు మెరెడిత్ అను కెప్టెన్ రోగియై వచ్చెను. ఒకప్పుడు 232 పౌనులు తూగిన యా భారీమనిషి 162 పౌనులకు దిగిపోయెను. చక్కెర కాయగూరలు, గింజలవంటి పదార్థములనుండి కడుపులో పుట్టుచున్నదని రోల్లో యూహ. కావున వానిని దాదాపుగ నిషేధించి, పాలు, సున్నపుతేట, మాంసము, క్రొవ్వు – వీనినే ముఖ్యాహారముగ విధించెను. ఉదయమున కొంచెము రొట్టెయు వెన్నయు మాత్రము మిగిల్చెను. ఆ మాంసములో కొంత బహుకాలము నిలువయుంచినదట. తలచుకొన్నను వెగటు పుట్టును. అయినను మెరెడిత్ దానిని పట్టుదలతో పాటించెను. మూత్రములోని చక్కెర తగ్గెను. మరల కొలువునకు పోయెను. రెండవ రోగి యొక సేనానాయకుడు. ఆతడు ఆ పథ్యమును నిలుకడగ పాటింపలేకపోయెను, మరణించెను. ఈ రెండు కథలను రోల్లో 1797లో గ్రంథముగ ప్రకటించెను. రోగము కడుపులో పుట్టునను ఆయన యూహ తప్పు. ఆయన ఆహారములో చేసిన మార్పు మాత్రము పనిచేసినది.

రోల్లో మొదలిడినదానిని మనుష్యులు భరింపగల పథ్యముగ దిద్దినవాడు పారిస్ నగరపు అపొల్లినేర్ బుషార్దా. పిండి తీసివైచిన రొట్టెను ఆయన చేయించెను, ఆకుకూరలను తినుమనెను, అప్పుడప్పుడు ఉపవాసములుంచెను, దేహశ్రమ చేయుమనెను. రోగి తన మూత్రమును తానే పరీక్షించుకొనుట నేర్వవలెనని ఆయన పట్టుపట్టెను. 1870–71లో జర్మనుసేన పారిస్‌ను ముట్టడించినప్పుడు నగరమున తిండి కరవయ్యెను. ఆ కరవులో తన రోగులలో కొందరి మూత్రమున చక్కెర మాయమగుటను బుషార్దా గమనించెను. ఏమి తినుచున్నామనునదే కాక, ఎంత తినుచున్నామనునదియు ముఖ్యమని ఆ ముట్టడి తెలియజెప్పెను.

ఇంతకు ఈ చక్కెర యెందుకు మిగిలిపోవుచున్నది? అన్నములోని పిండిపదార్థము జీర్ణమై ద్రాక్షచక్కెరగ మారి రక్తమున కలియును. రక్తమునుండి అది కండరములలోనికి పోవలెనన్నచో క్లోమమున పుట్టు నొక రసము కావలెను. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున ఫాన్ మెరింగ్, మింకోవ్‌స్కీ యను నిరువురు ఒక కుక్కకు క్లోమమును కోసి తీసివైవగా దానికి మధుమేహము వచ్చెను. క్లోమములోని రసమే యీ రోగమునకు కీలకమని నాటినుండి నిశ్చయమయ్యెను. కాని ఆ రసమును తీసి రోగికిచ్చు నుపాయము మరి ముప్పది మూడేండ్లకుగాని చిక్కలేదు.

ఈ నడిమికాలమే మన కథలో దుఃఖకరమైన యధ్యాయము. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అను వైద్యుడు 1914 ప్రాంతమున ఉపవాసచికిత్సను ప్రారంభించెను. మూత్రములో చక్కెర పోవువరకు రోగిని పస్తుంచి, పిదప కొంచెము కొంచెముగ ఆహారమును పెంచి, చక్కెర మరల కనబడినచోట నిలుపుట ఆ పద్ధతి. పెద్దవయసు స్థూలకాయులకు ఇది మేలు చేసెను. బాలురకో? వారి క్లోమము పూర్తిగ చెడినందున ఎంత తగ్గించినను చాలదయ్యెను. కొందరు రెండు మూడేండ్లు అధికముగ జీవించిరి. కొందరు రోగముచేత గాక ఆకలిచేతనే పోయిరి. చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ అను రాజనీతిజ్ఞుని కుమార్తె ఎలిజబెత్‌నకు 1919లో పదునొకండేండ్ల ప్రాయమున ఈ రోగము తెలిసెను. అలెన్ పథ్యమున నామె మూడేండ్లు బ్రతికెను. 1922 నాటికి ఆమె బరువు సుమారు 45 పౌనులు, అనగా ఇరువది కిలోలు.

ఆ 1922 జనవరి 11వ తేదీన కెనడాలోని టొరంటో ఆసుపత్రిలో లియొనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు క్లోమరసమును సూదిద్వారా ఎక్కించిరి. బాంటింగ్, బెస్ట్ అనువారు దానిని తీసిరి. మాక్లియొడ్ ఆ ప్రయోగశాలకు పెద్ద. కాలిప్ దానిని శుద్ధిచేసెను. మొదటి సూది అంతగ పనిచేయలేదు. శుద్ధిచేసిన రసమును 23వ తేదీన ఇవ్వగా చక్కెర దిగెను. ఇదియే ఇన్సులిన్. ఆ సంవత్సరము ఆగస్టులో బాంటింగ్ ఎలిజబెత్‌నకు ఇన్సులిన్ ప్రారంభించెను. ఆమె పెండ్లియాడి, బిడ్డలను గని, 1981 వరకు జీవించెను. పథ్య మామెను మూడేండ్లు నిలిపెను. మందు దాదాపు అరువదేండ్లు నిలిపెను. పథ్యమును మందునకు శత్రువుగ నిలుపువా రీ బాలిక కథను చదువవలెను.

1936లో హిమ్స్‌వర్త్ అను ఆంగ్లేయుడు ఇన్సులిన్‌నకు లొంగునది, లొంగనిది యని మధుమేహములో రెండు తెగలున్నట్లు పరీక్షించి చూపెను. సుశ్రుతుని కృశస్థూలభేదము ఇట్లు మరియొక రూపమున మరల కనబడెను. 1948లో చెన్నపట్టణమున స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టరు ఎం. విశ్వనాథన్ మధుమేహరోగులకై ప్రత్యేకవైద్యశాలను ప్రారంభించెను.

ఇన్సులిన్ వచ్చిన పిమ్మట పథ్యము సడలెను. ఇరువదవ శతాబ్దపు కడపటిభాగమున క్రొవ్వు గుండెకు చెరుపని భయపడి, అమెరికాలో రోగుల యాహారమున పిండిపదార్థముల పాలు హెచ్చించిరి. 2019లో అమెరికా మధుమేహసంఘము తన యాహారనివేదికలో మరల నొకమాట ఒప్పుకొనెను: పిండిపదార్థములను తగ్గించుటయే రక్తములోని చక్కెరను దించుటకు ఎక్కువ నిదర్శనముగల మార్గము. మన దేశమున 2023లో ప్రకటింపబడిన పరిశీలననుబట్టి మధుమేహులు పదికోట్లకు మించిరి. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన తరువాత మన డెల్టాలో వరి విరివియయ్యెను, పిమ్మట మరలు వచ్చి దంపుడుబియ్యము పోయి తెల్లబియ్యము నిలిచెను, కాయకష్టము తగ్గెను, కంచములోని అన్నపురాశి మాత్రము తగ్గలేదు.

ఈ చరిత్రనుండి నేను గ్రహించినవి మూడు సంగతులు.

మొదటిది: అన్నము తగ్గింపుమనుట నిన్న పుట్టిన వింత కాదు. అన్నమునకు బదులు జొన్నలు, రాగులు, కొర్రలు తిన్న చాలునని కొందరందురు. నూరు గ్రాముల బియ్యములో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమైన, వీనిలో 60కి 70కి నడుమ నుండును. పీచు ఎక్కువ గనుక ఇవి మేలే. కాని కొలత లేక తిన్నచో ఇవియు చక్కెరయే యగును. కంచములో సగము కూరలు, పావు పప్పో గ్రుడ్డో చేపయో, పావు అన్నమో రొట్టెయో – ఇది సులువైన కొలత.

రెండవది: కృశించువారికిని స్థూలులకును ఒకే పథ్యము తగదు. బిడ్డలలో వచ్చు మధుమేహమునకు ఇన్సులిన్ ప్రాణము. దానిని మాన్పి పథ్యమే చాలుననుట 1922కు ముందటి శ్మశానమునకు వారిని మరల పంపుటయే.

మూడవది నేను కాలువగట్టున నేర్చుకొన్నది. అన్నము తగ్గించినప్పుడు మందుకొలతయు మారవలెను. అది వైద్యుడు చేయవలసిన పని. మూత్రపిండములు దెబ్బతిన్నవారును, గర్భిణులును, కొన్ని క్రొత్తమాత్రలు వాడువారును వైద్యుని యనుమతిలేక పిండిపదార్థములను మిక్కిలిగ తగ్గింపరాదు. చక్కెర హఠాత్తుగ దిగినపుడు చెమటయు వణకును వచ్చును. మ్రింగగల స్థితిలో నుండగనే బెల్లమో చక్కెరయో నోటవేయవలెను. స్పృహతప్పినవాని నోట నేమియు పోయక ఆసుపత్రికి చేర్పవలెను.

నేనిప్పుడు మధ్యాహ్నమొక గరిటెడు అన్నము తినుచున్నాను. మా వైద్యుడు నా మాత్రలను రెండుమారులు తగ్గించెను. పూర్తిగ మాన్పలేదు, నేనును అడుగలేదు. నన్ను లేపిన యా పాలేరునకును నిరుడు ఇదే రోగము కనబడెను. ఆతడు అరుగుమీద కూర్చుండి, అయ్యా, అన్నము మానవలెనా యని నన్నడిగెను. మానవలదు, తగ్గింపుము; తగ్గించినట్లు వైద్యునకు చెప్పుము అంటిని. తమ గ్రామములో ఎవరైన ఇట్లడిగినచో తామును ఆ మాటయే చెప్పుదురుగాక.