పట్టా నుంచి ప్రొఫైల్ దాకా

నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గాన్ని గజపతుల చేతిలోంచి లాక్కోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు సుమారు ఏడాదిన్నర పట్టింది. 1514లో కోట లొంగింది. అంతకుముందు కోట దగ్గరికి చేరడానికి ఉన్నది ఒక్కటే దారి. బండలు పగలగొట్టించి, గుట్టలు తొలిపించి రాయలు వెడల్పాటి బాట వేయించాడని, తర్వాతి కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. ఉదయగిరి ఉన్న ఈ వెలిగొండల కింద చక్రం కథ చెప్పాలంటే ముందు రాయి సంగతి చెప్పాలి.

ఆ రాళ్ల మీద మొన్నమొన్నటి దాకా బరువు లాగింది ఎద్దుల బండే. ఆ ఎద్దులది ఒంగోలు జాతి. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే ఒంగోలు జాతి పశువులను బ్రెజిల్‌లో నేటికీ ‘నెలోర్’ అంటారు. ఎద్దులకు దక్కినంత పేరు చక్రానికి దక్కలేదు గానీ, అందులో పనితనం తక్కువేం కాదు. నడుమ కుండ, దానిలోంచి పన్నెండు ఆకులు, వాటి చివర ఆరు పూటీలు (వంపు చెక్కలు), వాటన్నిటినీ బిగించి పట్టే ఇనుప పట్టా. ఆ పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా వంచి అతికించేవారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించేవారు. చెక్క భగ్గుమనేలోపే కుండలతో నీళ్లు గుమ్మరించేవారు. చుయ్యిమంటూ ఆవిరి లేచేది, ఇనుము ముడుచుకునేది, పూటీల సందులు టకటకా మూసుకుపోయేవి. పట్టా వదులైతే ఎండాకాలంలో ఊడిపోతుంది. మరీ బిగువైతే ఆకులు వంగిపోతాయి. కమ్మరి కంటికొలతే అక్కడ లెక్క.

ఆ సన్నటి పట్టా కంకర రోడ్డును కోసేసేది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ గాలి టైరు తయారుచేశాడు. ఆ పేరుతోనే 1936లో బెంగాల్‌లోని సహాగంజ్‌లో ఫ్యాక్టరీ వెలిసింది. తర్వాత ఊళ్లలోకి టైరు బండి వచ్చింది. చక్రం ఎత్తు తగ్గింది, వెడల్పు పెరిగింది, ఎద్దుల మెడకు కుదుపు తగ్గింది. వడ్రంగికీ కమ్మరికీ పని కూడా తగ్గింది.

కార్లలో అంబాసిడర్ టైరు మీద 5.90-15 అని ఉండేది. టైరు పక్క గోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్పే ప్రొఫైల్ అంకెతో అప్పుడు పనే లేదు, వెడల్పు ఎంతో గోడ ఎత్తూ దాదాపు అంతే. 1977లో జేకే టైర్ దేశానికి రేడియల్ టైరును తెచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని టైరు 145/70 ఆర్ 12. అంటే 145 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం గోడ ఎత్తు, ఆర్ అంటే రేడియల్, 12 అంగుళాల రిమ్ము.

అదే రిమ్ముకు ఆల్టో టైరు 145/80 తొడిగితే గోడ 101.5 నుంచి 116 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. కారు 14.5 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. గుంతల బాటలో అడుగు తగిలే కారుకు ఇది చిన్న లాభం కాదు. కానీ చుట్టుకొలత 5.7 శాతం పెరుగుతుంది. అంతకుముందు మీటరు సరిగ్గా చూపిన కారులో ఇప్పుడు ముల్లు 80 మీద ఉంటే బండి దాదాపు 85 మీద పోతున్నట్టు లెక్క.

కంపెనీలు మాత్రం బయటి కొలత కదలనివ్వవు. 2018 స్విఫ్ట్‌లో మామూలు రకానికి 165/80 ఆర్ 14, పైరకానికి 185/65 ఆర్ 15 ఇచ్చారు. రెండిటి మొత్తం ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. రిమ్ము పెరిగినంత మేర గోడ తగ్గింది.

ఆత్మకూరు మీదుగా బద్వేలుకు పోయే ముంబై రోడ్డు మీద పొట్టి గోడ టైరు హాయిగా పరుగెడుతుంది, మలుపులో కారు ఊగదు. ఉదయగిరి కొండల పక్క పల్లెల బాటలకు మాత్రం ఎత్తు గోడే మేలు. పొట్టి గోడ టైరు రాయి అంచుకు కొట్టుకుంటే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కన బొబ్బలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కనిపించిందంటే లోపలి దారాలు తెగినట్టే, దానికి ప్యాచీ పనికిరాదు. అయితే గోడ ఎత్తు పెరిగితే టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. అందుకే సైజు మార్చినప్పుడు ఎరిగిన మెకానిక్ డబ్బులు తీసుకునే ముందు స్టీరింగును ఆ చివరికీ ఈ చివరికీ పూర్తిగా తిప్పిస్తాడు, వంగి మడ్‌గార్డు లోపల చెయ్యి పెట్టి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో తడిమి చూస్తాడు.