ఆదివారము సెలవైన కథ

అరసవల్లికి ఆదివారమునాడు వెళ్ళి వచ్చిన శ్రోతలకు అచటి రద్దీని గూర్చి మేము వేరుగా చెప్పనక్కరలేదు. శ్రీకాకుళములో బస్సు దిగినది మొదలు జనమే. ఇంద్రపుష్కరిణిలో స్నానము చేసి తడిబట్టలతో ప్రదక్షిణము చేయువారు కొందరు, కంటిజబ్బో చర్మవ్యాధియో నయమైనదని మ్రొక్కు చెల్లించువారు కొందరు. ఆరోగ్యమునకు అధిపతి సూర్యుడని మనవారి విశ్వాసము. ఏడవ శతాబ్దమున కళింగమునేలిన గంగవంశపు రాజు దేవేంద్రవర్మ ఈ ఆలయమును కట్టించెనని ప్రతీతి. అఖండదీపమునకును, శాస్త్రములు చదువు విద్యార్థుల వసతికిని దానములు జరిగినట్లు ఇచటి శాసనములు తెలుపుచున్నవి. మార్చిలోను, అక్టోబరులోను కొన్ని దినములు ఉదయకిరణములు స్వామి పాదములను తాకుట అందరెరిగినదే. ఈ ఊరి పేరు మొదట హర్షవల్లి యనియు, అదియే వాడుకలో అరసవల్లి యైనదనియు చెప్పుదురు. హర్షమనగా సంతోషము.

ఒక ఆదివారము ఆ వరుసలో నిలుచుండగా మాకొక ప్రశ్న తోచినది. మా ముందువెనుకల నున్నవారిలో అధికభాగము ఏదో యొక కొలువు చేసి బ్రదుకువారు. బడిపంతుళ్ళు, బ్యాంకు గుమాస్తాలు, మిల్లు కార్మికులు, దుకాణములలో పనిచేయు పిల్లలు. వీరందరికి ఈ పూట తీరిక ఎట్లు దొరకినది? ఆదివారము సూర్యభగవానుని వారము కనుక అనాదిగా సెలవేయని కొందరి తలంపు. అది సరి కాదు. వారము దేవునికి ఉండెను, పనివానికి లేకుండెను. పనివాడు దానిని అడిగి, పోరి తెచ్చుకొనెను. మన దేశమున దాని వయస్సు నూట ముప్పది యేండ్లకు కొంచెము ఎక్కువ, అంతే.

పూర్వము మనవారికి విశ్రాంతి లేదని కాదు. రైతుకు పని ఎక్కువగా నుండు నెలలు కలవు, లేని నెలలు కలవు. అమావాస్యనాడు అరక కట్టని గ్రామములు ఎన్నో. కనుమనాడు కాకి కూడ కదలదని సామెత. అరసవల్లికి చేరువనే యున్న పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని శుభ్రపరచి సన్ననూలు వడకు స్త్రీలు, బిడ్డ ఏడ్చినప్పుడు రాట్నమును ఆపి లేతురు. తిరిగి వచ్చి కూర్చుందురు. ఆ బ్రదుకు సుఖమైనదని మేము చెప్పుట లేదు. నూలుకు తగిన కూలి గిట్టక ఆకలితో పండుకొన్న యిండ్లు అక్కడను కలవు. అయినను పని ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించుట కొంతకు కొంత మనిషి చేతిలోనే యుండెను. మిల్లు వచ్చినప్పుడు ఆ నిర్ణయము యంత్రము చేతికి పోయెను.

బొంబాయి నూలుమిల్లులలో 1880 ప్రాంతమున పని ప్రొద్దుపొడుపునుండి ప్రొద్దుగ్రుంకువరకు. విద్యుద్దీపములు లేని దినములు కనుక సూర్యుడే గడియారము. వేసవిలో పగలు పెరిగినకొలది పనియు పెరిగెడిది. పండుగ నాడో, యంత్రములు శుభ్రపరచు దినముననో తప్ప మిల్లు ఆగదు. 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీ చట్టము చిన్నపిల్లలకు నెలకు నాలుగు సెలవులు ఇచ్చినది గాని పెద్దల మాట ఎత్తలేదు.

ఆ సమయమున నారాయణ మేఘాజీ లోఖండే యను నాతడు ముందుకు వచ్చెను. ఆయన మహాత్మా ఫూలే అనుచరుడు, దీనబంధు పత్రికను నడపినవాడు, స్వయముగ మిల్లులో పనిచేసినవాడు. 1884 సెప్టెంబరులో ఆయన కార్మికుల సభలు జరిపి, 5,500 మంది సంతకములతో ఒక వినతిపత్రమును సిద్ధపరచెను. అందలి కోరికలను చూడుడు: ఆదివారము సెలవు, మధ్యాహ్నము అరగంట విరామము, నెల జీతము 15వ తేదీలోపల ఇచ్చుట, పనిలో దెబ్బ తగిలినవానికి నష్టపరిహారము. ఎక్కువ జీతమును గూర్చిన మాట వీనిలో లేదు. తీరికను, నమ్మకమును అడిగిరి. మాకు ఇది చాల ముఖ్యముగా కనబడినది.

ఆరు సంవత్సరములు గడచెను. 1890 ఏప్రిలు 24వ తేదీన బొంబాయిలో సుమారు పదివేలమంది కార్మికులు మరల సభ చేసిరి. ఆ సభలో ఇద్దరు స్త్రీ కార్మికులు కూడ ప్రసంగించిరి. ఆ కాలమున అది చిన్న విషయము కాదు. ఆ సంవత్సరమే జూను 10వ తేదీన మిల్లు యజమానుల సంఘము ఆదివారపు సెలవునకు అంగీకరించెను. మరుసటి యేడు, 1891 చట్టముతో, ఫ్యాక్టరీ కార్మికులందరికిని వారమునకొక సెలవు దేశమంతట శాసనమైనది. మహారాష్ట్రులకు ఆదివారము జేజూరి ఖండోబా వారము, మనకు సూర్యనారాయణుని వారము. దొరలు చర్చికి పోవు దినమే వారికి సెలవైనది. ఇందరు దేవుళ్ళు ఒకే దినమును మెచ్చుకొనుట కార్మికులకు కలిసివచ్చినదని మేము ఒక్కొక్కప్పుడు నవ్వుకొందుము.

కథ ఇంతటితో ముగియవలసినది. కాని సెలవు దినము ఉన్నంతమాత్రమున మనస్సు కుదుటపడునా? ఈ ప్రశ్నకు జవాబు మన తీరమునుండి ఓడ ఎక్కి పోయినవారి చరిత్రలో ఉన్నది.

1903 మొదలు మద్రాసునుండి ఫిజీ దీవులకు కూలీల ఓడలు పోయెను. విశాఖపట్టణము మొదలైన తెలుగు జిల్లాలవారును వానిలో ఉండిరి. అయిదేండ్ల ఒడంబడిక, అనగా వారి నోట ‘గిర్మిట్’. ఆ కాగితము మీద ఆదివారము సెలవే. శనివారము పని అయిదు గంటలే. బొంబాయి కార్మికుడు పోరి సాధించినది ఇచట ముందే వ్రాసి యుండెను. అయినను, ఆ చెరకుతోటలలో తమ ప్రాణములు తామే తీసికొన్న కూలీల సంఖ్య, వారి స్వస్థలములలో అట్టి మరణముల లెక్కకు ఎన్నో రెట్లు మించినది. చార్లెస్ ఆండ్రూస్, విలియం పియర్సన్ అను ఇద్దరు ఆంగ్లేయులు 1915లో అచటికి వెళ్ళి విచారించి, 1916లో ప్రకటించిన నివేదికలో ఈ విషయమును దేశమునకు తెలియజేసిరి.

కారణమేమి? కూలీల లైన్లలో ఒక్కొక్క గది పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు; అందులో ముగ్గురు ఒంటరి పురుషులు. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు. చుట్టును వినబడునది హిందుస్తానీ; తెలుగువానికి తన మాట వినువాడు లేడు. ఇచ్చిన పని సాయంత్రమునకు ముగియనిచో కూలి కోత, కోర్టులో జరిమానా. స్త్రీలను గూర్చిన ఈర్ష్యయే ఈ మరణములకు కారణమని అప్పటి అధికారులు తేల్చివేసిరి. గిర్మిట్ మీద పోయిన ఒక కూలీకి మనుమడై, పెద్ద చరిత్రకారుడైన బ్రిజ్ లాల్ ఆ పాత పత్రములను మరల పరిశీలించి, అది తోటదొరలకు అనుకూలమైన సాకు అని చూపెను. కుటుంబము, కులము, ఊరు, పండుగ, మంచిచెడులు చెప్పు పెద్ద, ఇవన్నియు ఒక్కసారిగా తెగిపోయిన మనిషి ఒంటరితనమే అసలు వ్యాధి యని ఆయన తలంపు. ఆదివారము వచ్చెడిది, ఆ దినమున పోవుటకు చోటును, పలుకరించుటకు మనిషియు లేకుండిరి. 1917లో ఆ ఓడలు ఆగినవి. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన గిర్మిట్లు రద్దయినవి.

యజమానుల లాభనష్టముల దృష్టితో చూచినను విశ్రాంతి వ్యర్థము కాదని మొదటి ప్రపంచయుద్ధములో తేలినది. ఆయుధ కర్మాగారములలో ఆదివారము కూడ పని చేయించిన బ్రిటను, 1915లో నియమించిన ఒక సంఘము చేత విచారణ జరిపించెను. ఎక్కువ గంటలు పనిచేసిన వారు ఎక్కువ వస్తువులు చేయుట లేదనియు, అలసినవాని చేతులు తడబడుననియు, ఆదివారపు పనిని మానిపించవలెననియు ఆ సంఘము చెప్పినది. 1921లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మికసంస్థ వారపు విశ్రాంతిని ఒక ఒప్పందముగా చేయగా, 1923లో మన దేశము దానికి సమ్మతించెను.

ఇక మన ప్రాంతమునకు వత్తము. గోగునార పండు ఈ నేలలో నెల్లిమర్ల, చిట్టివలస జూటుమిల్లుల కూతలకు ఊళ్ళకు ఊళ్ళు నిదుర లేచిన కాలము కలదు. అదే తీరమున సాగిన బెంగాలు నాగపూరు రైల్వేలో కార్మికులను కూడగట్టినవాడు బరంపురమున 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. ఆయన 1927లో జెనీవా సభకు కార్మిక ప్రతినిధిగా వెళ్ళెను. 1937లో మద్రాసు రాష్ట్రమున కార్మికశాఖ మంత్రి అయ్యెను. 1952లో మన పాతపట్నము నియోజకవర్గమునుండియే లోకసభకు ఎన్నికై కేంద్రమున కార్మికమంత్రి పదవిని స్వీకరించెను. తగవు వచ్చినప్పుడు న్యాయస్థానమునకు పరుగెత్తుటకంటె, యజమానియు కార్మికుడును ఎదురెదురుగ కూర్చుండి మాటలాడుకొనవలెనని ఆయన పట్టుదల. దీనికే ‘గిరి విధానము’ అని పేరు. బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయమున ప్రభుత్వముతో విభేదించి 1954లో పదవినే వదలుకొనెను.

1948 ఫ్యాక్టరీ చట్టమున వారమునకు 48 గంటల పని, ఒక సెలవు అని వ్రాసిరి. 250 మందికి మించినచోట క్యాంటీను, 150 మందికి మించినచోట విశ్రాంతిగది, 50 మందికి మించి స్త్రీలున్నచోట పసిపిల్లల గది, 500 మంది యున్నచోట సంక్షేమాధికారి ఉండవలెననిరి. మనస్సు అను మాట ఆ ఏర్పాటులలో ఎక్కడను వినబడదు. కాని బిడ్డ ఎట్లున్నదో యని తల్లికి బెంగ లేకుండుట, కష్టము చెప్పుకొనుటకు ఒక మనిషి యుండుట, ఇవి మనస్సునకు సంబంధించినవి కాక మరేమి? 2020లో పార్లమెంటు ఆ చట్టపు విషయములను మరికొన్నిటితో కలిపి ఒక స్మృతిగా ఆమోదించెను.

వైద్యులు ఇప్పుడు ఈ విషయమును స్పష్టముగ చెప్పుచున్నారు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో, అదుపు తప్పిన పని ఒత్తిడివలన మనిషి లోలోపల కాలి అలసిపోవుటను వ్యాధిగా కాక, పనికి సంబంధించిన స్థితిగా గుర్తించినది. కుంగుబాటు, ఆందోళన వలన ప్రపంచమున ఏటా 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని 2022లో అంచనా కట్టిరి. మన దేశమున 2017 చట్టము మానసిక చికిత్సను పొందుట ప్రతివారి హక్కు అని చెప్పినది. కాని మన ఇండ్లలో భయము ఇంకను పోలేదు. విశాఖపట్టణమునందలి మానసిక చికిత్సాలయమును నేటికిని ‘పిచ్చాసుపత్రి’ అనువారే ఎక్కువ. ఆ మాటకు జడిసి, నిదుర పట్టని ఉద్యోగి ఎవరికిని చెప్పక మాత్రలు మ్రింగును. 2022 నుండి నడచుచున్న టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యలో ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును, ఖర్చు లేదు. ఈ సంఖ్యను శ్రోతలు వ్రాసికొనవలెనని కోరుచున్నాము.

మా రేడియోవారి ఆదివారము వేరు. మీకు సెలవైన దినముననే మాకు పని అధికము. చాల కాలము క్రిందట, మేము పనిచేసిన ఒక నిలయమున, తెల్లవారుజామున ప్రకటనలు చదువు యువకుడొకడు ఉండెను, శ్రీకాకుళమువాడు. నెలల తరబడి అదే డ్యూటీ. అతని గొంతులో జీవము తగ్గుచున్నదని మేమందరము గమనించితిమి. ఉచ్చారణ దోషములను పుస్తకములో వ్రాసితిమి, సంజాయిషీ అడిగితిమి. ఏమైనదని మాత్రము ఎవరును అడుగలేదు. అడిగినవాడు టీ తెచ్చు ముసలి అటెండరు. “ఏటి బావూ, ఇంటికెల్లి ఎన్నాళ్ళయింది?” అనెను. ఆ యువకుడు కప్పు బల్లపై పెట్టి వలవల ఏడ్చెను. తల్లికి జబ్బుగా నున్నదట. రెండుమార్లు సెలవు అడిగి లేదనిపించుకొని, మూడవమారు అడుగుట మానినాడట. ఆ సెలవు చీటీలు వచ్చి పోయినది మా బల్ల మీదుగనే. మరునాడు డ్యూటీలు మార్చితిమి. అది రెండు నిమిషముల పని.

అతడు ఇంటికి పోయి, తల్లిని ఒక ఆదివారము అరసవల్లికి తీసికొని వెళ్ళినట్లు జాబు వ్రాసెను. మేము ఆ వరుసలో నిలుచున్న నాడు అతడే జ్ఞప్తికి వచ్చెను. దర్శనమైన పిమ్మట, కొబ్బరికాయలమ్ము ముసలమ్మను, “ఆదివారమంతయు నీకు ఇక్కడే సరిపోవును కదా, నీకు సెలవెప్పుడమ్మా?” అని అడిగితిమి. చిల్లర లెక్కపెట్టి మా చేతిలో పోసి ఆమె అనెను: “మంగళారం మా కోడలు కూకుంటాది బావూ. ఆ దినం నాను తొంగుంటాను.”