నందనూరి ముకేశ్ కుమార్: మూడు ఒలింపిక్స్ ఆడిన మన తెలుగు హాకీ ఆటగాడు

నందనూరి ముకేశ్ కుమార్ 1970లో హైదరాబాద్‌లో పుట్టారు. భారత హాకీ జట్టులో ఫార్వర్డ్. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ, ఈ మూడు ఒలింపిక్స్‌లోనూ ఆడారు. దేశం తరఫున 307 మ్యాచ్‌లు, 80 గోల్స్. 1995లో అర్జున అవార్డు, 2003లో పద్మశ్రీ వచ్చాయి. ఒలింపిక్ పతకం మాత్రం రాలేదు.

మన వర్లి, కామాటిపురా చాళ్ళలో ధన్‌రాజ్ పిళ్ళై పేరు వినని ఇల్లు ఉండదు. ఆయనతో కలిసి ఏళ్ల తరబడి ఆడిన ఈ తెలుగువాడి పేరు అడిగితే పిల్లలే కాదు, పెద్దలూ తడుముకుంటున్నారు. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను.

అప్పట్లో ఒలింపిక్ హాకీకి 12 జట్లు వచ్చేవి. ఆరేసి జట్ల రెండు గ్రూపులు. గ్రూపులో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవే సెమీఫైనల్‌కు వెళ్ళేవి. తరువాతి రెండూ 5 నుంచి 8 స్థానాల కోసం ఆడుకోవాలి. ముకేశ్ ఆడిన మూడుసార్లూ మన జట్టు ఆ రెండో వరుసలోనే మిగిలింది. బార్సిలోనాలో 7, అట్లాంటాలో 8, సిడ్నీలో మళ్ళీ 7.

వీటిలో సిడ్నీదే ఎక్కువ బాధ. అర్జెంటీనాపై 3-0, స్పెయిన్‌పై 3-2 గెలిచాం. ఆస్ట్రేలియాతో 2-2, కొరియా చేతిలో 0-2. చివరి మ్యాచ్ పోలండ్‌తో. గెలిస్తే సెమీఫైనల్. 1-0తో ముందున్నాం, ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేవు, అప్పుడు పోలండ్ గోల్ కొట్టేసింది. 1-1. మన బదులు వెళ్ళిన కొరియా ఫైనల్ దాకా ఆడి రజతం తీసుకుంది. ఆ రోజు మా చాల్‌లో టీవీ కట్టేశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇది ఒక్క ఆటగాడి లోపం కాదు. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ పచ్చిక వదిలి కృత్రిమ టర్ఫ్ మీదకు వెళ్ళింది. మన దగ్గర అలాంటి మైదానాలు చాలాకాలం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. 1980 మాస్కో స్వర్ణం తరువాత 2021లో టోక్యో కాంస్యం దాకా మనకు హాకీ పతకమే లేదు. నాలుగు ఒలింపిక్స్ ఆడిన ధన్‌రాజ్‌కూ అదే అనుభవం.

ముకేశ్‌కు దక్కిన పెద్ద గెలుపు 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో. ఫైనల్‌లో కొరియాను పెనాల్టీ స్ట్రోకుల్లో ఓడించి, 1966 తరువాత మొదటిసారి, అంటే 32 ఏళ్ళకు, స్వర్ణం తెచ్చారు. అంతకుముందు 1994 హిరోషిమాలో రజతం.

ఆ రోజుల్లో హాకీ ఆడి బతకడమంటే కంపెనీ ఉద్యోగమే. ముకేశ్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ జట్టులో ఉండేవారు. రైల్వే, మహీంద్రా, ఎయిర్ ఇండియా జట్ల ఆటలు చూసిన మనవాళ్ళకు ఆ పద్ధతి కొత్త కాదు. గుమాస్తాగా రిటైరైన నాకు సర్వీసు రికార్డు లెక్కలంటే కాస్త పట్టింపు ఎక్కువ. పతకాల పట్టికలో పేరు లేకపోయినా, 307 సార్లు పిలిచి ఆడించారంటే ఆ హాజరుపట్టీ చిన్నది కాదు.

ఈసారి సంఘం వార్షికోత్సవం క్విజ్‌లో ఈయన మీద ఒక ప్రశ్న పెడుతున్నాం. పిల్లలకు ముందే చెప్పి పంపించండి.