పిన్యన్ కాపు: ముందటేటి వేసవి

మామిడితోటను గుత్తకు గొనువాడు చెట్టును మాత్రమే చూచి బేరమాడడు. నిరుడది విరగకాచినదా, మొండికేసినదా యని విచారించి పిమ్మట ధర పలుకును. ఈ ఏటి కాపునకు గడచిన ఏటిలో కారణము వెదకు ఈ లౌకికజ్ఞానమును, ఉత్తర అమెరికా నైరృతి భాగమున న్యూ మెక్సికో, కొలరాడో, అరిజోనా, యూటా రాష్ట్రముల కొండవాలుల నాశ్రయించి పెరుగు పిన్యన్ అను పొట్టి సరళవృక్షము విషయమున శాస్త్రజ్ఞులు సాధించుటకు, దానికి శాస్త్రనామము పెట్టిన నాటినుండి నూటముప్పది యేండ్లు పట్టినది. ఏలయన అచ్చటి కారణము నిరుటిది గూడ కాదు. ముందటేటి వేసవి చివరిది.

గింజ మాత్రము ఏనాటినుండియో ప్రసిద్ధము. హోపీ, జూనీ, నవాహో జాతులవారికి అది శీతకాలపు నిలువ ధాన్యము వంటిది. 1530ల దశకమున ఉత్తర మెక్సికో ప్రాంతములను కాలినడకన దాటిన స్పెయిన్ యాత్రికుడు కబేసా ద వాకా, ఆ నేలల సరళబీజములు పలుచని పెంకు కలవగుటచే స్వదేశపు గింజలకన్న మేలని వ్రాసెను. మన ఎండుఫలముల అంగళ్ళలో మిక్కిలి ప్రియముగ అమ్ముడుపోవు చిల్గోజా గూడ, హిమాచల ప్రదేశపు కిన్నౌరు మొదలుకొని ఆఫ్ఘనిస్తానము వరకు వ్యాపించిన మరియొక సరళమునకు చెందిన గింజయే. 1848లో వృక్షశాస్త్రజ్ఞుడు ఎంగెల్‌మన్ పిన్యన్‌కు ‘ఎడ్యూలిస్’, అనగా తినదగినది, అని పేరిడెను. కొన్నియేండ్ల కొకమారు గాని ఈ చెట్టు నిండుగ కాయదని గింజలేరువారందరు ఎరుగుదురు. కాని ఎన్నేండ్లకో చెప్పినంత మాత్రమున ఏలనో చెప్పినట్లు కాదు.

ఈ గింజ ఎట్లు పుట్టునో మొదట తెలియవలెను గదా. సరళజాతుల అండములు కప్పు లేక నగ్నముగ నుండునని 1825లో రాబర్ట్ బ్రౌన్ నిరూపించెను. వానిలో పిండము ఏర్పడు క్రమమును 1851లో హోఫ్‌మైస్టర్ వెల్లడించెను. ఈ హోఫ్‌మైస్టర్ విశ్వవిద్యాలయమున చదివినవాడు కాడు, లైప్‌జిగ్ నగరమున సంగీతపు పుస్తకముల వర్తకము చేసికొనుచు తీరిక వేళల సూక్ష్మదర్శినిని ఆశ్రయించినవాడు! ఇట్టి పరిశోధనల పరంపర వలన తేలినదేమన, సరళములలో పుప్పొడి అండమును చేరిన పిమ్మట గూడ ఫలదీకరణమునకు సుమారొక సంవత్సరము పట్టును. పిన్యన్‌లో ఆగస్టు, సెప్టెంబరు నెలల సంధిలో మొగ్గలోపల శంకువు, అనగా గింజలు పొదుగు కాయ, అంకురించును. మరుసటి వసంతమున బయటపడి, జూను ప్రాంతమున పుప్పొడిని గ్రహించి, శీతకాలమంతయు చిన్న కాయగనే నిదురించి, ఆపై వేసవిలో ఫలదీకరణము పొంది, ఆ సెప్టెంబరున గాని పండదు. వెరసి సుమారు 26 నెలల గర్భవాసము. ఇన్ని గండములలో కాపును నిర్ణయించు గండ మేది?

19వ శతాబ్ది చివరి భాగమున రాబర్ట్ హార్టిగ్ జర్మనీలోని బీచి వృక్షములను పరీక్షించి, చెట్టు కొన్నియేండ్లు కూడబెట్టిన పిండిపదార్థమును, నత్రజనిని ఒక్క కాపున వెచ్చించునని తలచెను. 1956లో మగ్వైర్, పాండరోసా సరళపు మంచి కాపునకు రెండేండ్లకు పైగా ముందు గడచిన ఏప్రిల్, మే నెలల వెచ్చదనము శకునమని చూపెను. 1971లో డేనియల్ జాన్‌జెన్, గింజ తిను ప్రాణులను లేమి యేండ్లలో పస్తుంచి, కాపు యేట అవి తిని తరుగింపలేనంత రాల్చుటయే వృక్షములు ఏకకాలమున కాయుటలోని లాభమనెను. ఇది ఏల యనుటకు రమ్యమైన సమాధానమే గాని, ఎప్పు డనుటకు కాదు.

పిన్యన్ విషయమున ఆ రెండవ ప్రశ్నకు అడ్డు నిలిచినది సిద్ధాంతలోపము కాదు, లెక్కల లేమి. కొండలపై కూర్చుండి ఏటేట కాయలెంచి వ్రాసిపెట్టిన వారెవరు? 1981లో ఫ్రాంక్ ఫోర్‌సెల్లా చెట్టునే కరణమును చేసెను. రాలిన శంకువు కొమ్మపై మచ్చ విడుచును; కొమ్మయొక్క ఏటి పెరుగుదల విడివిడిగ గుర్తింప వీలగును; కావున కొన నుండి వెనుకకు లెక్కించుచు పోయిన, ఆ కొమ్మపై కొన్నియేండ్ల కాపు చరిత్ర శాసనము వలె చదువవచ్చును. ఈ మచ్చల లెక్కను వాతావరణ కేంద్రముల ఉష్ణోగ్రతలతో పోల్చిచూడగా, శంకువు అంకురించు ఆ వేసవి చివరి దినములు చల్లగ నున్నచో దానినుండి వచ్చు ఫలము సమృద్ధమనియు, వేడి హెచ్చిన కొలది కాయల సంఖ్య మొదట నిట్టనిలువున పడి పిదప మెల్లగ క్షీణించుననియు తేలినది. పాండరోసాకు వెచ్చదనము, పిన్యన్‌కు చల్లదనము! సరళములన్నిటికి ఒక్క సూత్రము కట్టబూనుట తొందరపాటే యని నా అభిప్రాయము.

మూడు దశాబ్దుల పిమ్మట ఫోర్‌సెల్లా, మిరాండా రెడ్మండ్, నికోల్ బార్గర్‌లతో గూడి తాను మునుపు పరిశీలించిన చోట్లకే మరల వెళ్ళి మచ్చలెంచెను. న్యూ మెక్సికోలోను, ఓక్లహోమా వాయవ్య భాగమునను గల తొమ్మిది తావులలో, 1969 నుండి 1978 వరకు గల దశాబ్దముతో పోల్చగా 2003తో మొదలైన దశాబ్దమున శంకువుల ఉత్పత్తి సగటున 40 శాతము తగ్గినదని 2012లో వారు ప్రకటించిరి. ఆ మరుసటి యేడే న్యూజిలాండునకు చెందిన డేవ్ కెల్లీ ప్రభృతులు ఒక ప్రతివాదమును లేవదీసిరి: వృక్షములు గమనించునది ఒక వేసవి యెంత వేడియని కాదు, వరుస రెండు వేసవుల నడుమ భేదమెంత యని, మెల్లమెల్లగ పెరుగు ఉష్ణోగ్రత ఆ భేదమును మార్పదు గనుక కాపునకు భయము లేదని వారి తాత్పర్యము. పెక్కు జాతుల విషయమున ఇది నిజము కావచ్చును. కాని పిన్యన్ తొమ్మిది తావులలో ఎచ్చట వేడిమి అధికముగ పెరిగినదో అచ్చటనే కాపు అధికముగ తగ్గినది; భేదమును మాత్రమే కొలుచు చెట్టునకు ఈ నష్టము కలుగనక్కరలేదు.