అశ్వసేవ: మాలిష్ నుంచి విద్యుత్ చికిత్స వరకు

కృష్ణా డెల్టాలో కొల్లూరు, తెనాలి, రేపల్లె ప్రాంతాల వారు జట్కాలు తిరిగిన కాలాన్ని మరచిపోలేదు. సాయంకాలం బండి విప్పాక గుర్రానికి చెమట తుడిచి, గడ్డిచుట్టతో ఒళ్లు రుద్ది, కాళ్లు పిసకడం జట్కావారి పని. దానికే మాలిష్ అని పేరు. పుస్తకం చూడని చేతులు చేసిన ఈ పని వెనుక గొప్ప చరిత్ర ఉంది.

ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఒక ఉల్లేఖనం ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ పైవస్త్రంతో తమ గుర్రం ముఖం తుడుస్తూ కనిపించారు. కారణం అడిగినప్పుడు, గుర్రాల విషయమై రాత్రి తమకు హెచ్చరిక జరిగిందని తెలియజేశారు. నోరులేని ప్రాణి మనిషి చేతిలో అమానతు అన్న భావం ముస్లిం సమాజంలో ఇలా నాటుకొన్నది.

ఈ భావానికి తోడు రాజ్యాల అవసరం కూడా కలిసి ‘బైతరా’ అనే పశువైద్యశాస్త్రం పెరిగింది. 9వ శతాబ్దంలో అబ్బాసీయుల అశ్వశాలాధికారి ఇబ్నె అఖీ హిజామ్ గుర్రాల పోషణ, స్వారీ, రోగాలను గురించి గ్రంథం రచించారు. 14వ శతాబ్దంలో కైరోలో సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ కొలువులోని అబూబక్ర్ అల్ బైతార్ రచించిన గ్రంథం ‘నాసిరీ’ పేరుతో ప్రసిద్ధి పొందింది.

దక్కనులో ఈ విద్య మరొక ప్రవాహంతో కలిసింది. శాలిహోత్రుని పేర వెలసిన సంస్కృత అశ్వశాస్త్రాన్ని బహమనీ అహ్మద్ షా వలీ ఆదేశంపై అబ్దుల్లా బిన్ సఫీ పారసీకంలోకి తెచ్చారు. గుర్రాల వైద్యుణ్ణి ఉర్దూలో ‘సలోత్రి’ అంటారు. ఆ మాట శాలిహోత్రుని పేరు నుంచి వచ్చినదే. మేలైన విద్య ఎవరిదైనా స్వీకరించడానికి ఆనాటి పండితులు వెనుకాడలేదు.

విద్యుత్తుతో వైద్యం కూడా పూర్తిగా కొత్తది కాదు. తాకితే చెయ్యి తిమ్మిరెక్కించే చేపను అరబ్బులు ‘రఆదా’ అన్నారు. తలనొప్పికి ఆ చేపను వాడే చికిత్సను ఇబ్నె సీనా ప్రస్తావించారు. 1791లో ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వానీ విద్యుత్తు తగిలితే కప్పకాలి కండరం ముడుచుకొంటుందని ప్రకటించాడు. నేటి యంత్రాలకు ఆధారం ఆ సత్యమే.

బండిగుర్రాలకు వచ్చే ఒక జబ్బు దీనికి మంచి ఉదాహరణ. మెడపట్టీ ఒత్తిడివల్ల భుజం మీది నరం దెబ్బతింటే అక్కడి కండ క్రమంగా కరిగి ఎముక బయటపడినట్లు కనిపిస్తుంది. అటువంటి చోట స్వల్ప విద్యుత్తుతో కండరాన్ని కదిలిస్తూ, నరం కోలుకొనేదాకా కండ క్షీణతను తగ్గించాలని పశువైద్యులు ప్రయత్నిస్తారు. మాలిష్ బిగిసిన కండరాన్ని సడలించి గుర్రాన్ని శాంతపరుస్తుంది. ఈ రెండూ విరిగిన ఎముకను అతికించలేవు. జ్వరం ఉన్నప్పుడు, పచ్చిగాయం మీద, చీము పట్టిన కీలు మీద ప్రయోగిస్తే హాని జరుగవచ్చు. కనుక ముందు పశువైద్యుని పరీక్ష తప్పనిసరి.

ఇక్కడే అసలు పరీక్ష ఉంది. విద్యుత్తు నొప్పిని కూడా మరపించగలదు. నొప్పి తెలియని గుర్రాన్ని మరునాడే బండికి కట్టినా, పందెంలో దింపినా, దెబ్బ మరింత లోతుకు పోతుంది. విద్యుద్ఘాతంతో గుర్రాన్ని పరుగెత్తించే సాధనాలను పందేల నిబంధనలు నిషేధించాయి. ఒకే శక్తి ఒకచోట వైద్యం, మరొకచోట హింస.

మెడపట్టీ సరిచేయకుండా, బరువు తగ్గించకుండా, విశ్రాంతి ఇవ్వకుండా చేసే చికిత్స యజమాని లాభం కోసమే గాని గుర్రం కోసం కాదు. యంత్రాలు మారినా అమానతు మారలేదు. ఆ ముఖం తుడిచిన వస్త్రం నేర్పిన పాఠం ఇదే.