దుఃఖంలో సృజన స్తంభన

ఆప్తుల మరణం, జబ్బు, ఎడబాటు వంటి కష్టాల్లో రచయితకు కలం సాగకపోవడం సృజన స్తంభన. బాధనే కావ్యవస్తువుగా చేసుకోవడం దీన్ని దాటే పాత దారి. భార్య పోయాక కవి విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ రాసింది అలాగే.

దేవులపల్లి కృష్ణశాస్త్రిది ఇంకా గట్టి ఉదాహరణ. 1922లో భార్యను పోగొట్టుకున్నాక ఆయన కవిత్వంలో విషాదం చిక్కబడింది; 1925లో ‘కృష్ణపక్షం’ వెలువడింది. 1960లలో జబ్బు ఆయన గొంతును హరించింది. మాటకారికి అంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుంది! వచ్చినవారికి కాగితం మీద రాసి బదులిచ్చేవారు. పాట మాత్రం ఆగలేదు. ‘అమెరికా అమ్మాయి’ (1976) సినిమాకు ఆయన రాసిన పాట ఆ మౌనకాలంలోదే.

బాధను రాయడం మేలు చేస్తుందని ఒక ప్రయోగమూ సూచించింది. 1986లో అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ విద్యార్థులతో రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు తమ బాధలను రాయించారు. రాసిన వెంటనే దిగులు పెరిగినా, తర్వాతి నెలల్లో వారు వైద్యుల దగ్గరకు వెళ్లడం తగ్గింది.