వాణిజ్య లోటు పెరిగినా రూపాయి ఎందుకు బలపడుతుంది? 2007 నాటి లెక్క

మిట్టేమరి, బాగేపల్లి, చింతామణి వైపు మన తెలుగు ఇళ్ళలో డాలర్ ధర కనుక్కునేవాళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. పిల్లలు విదేశాల నుంచి డబ్బు పంపే ఇళ్ళవాళ్ళు, పట్టుగూళ్ళు పెంచి శిడ్లఘట్ట మార్కెట్టుకు వేసుకుపోయే రైతులు. దేశం అమ్మేదానికన్నా కొనేది ఎక్కువైతే రూపాయి పడిపోవాలి కదా, ఒక్కోసారి పైకి ఎందుకు లేస్తుంది అని సంఘంలో మమ్మల్ని అడుగుతుంటారు. 2007 సంవత్సరాన్ని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

ఆ జనవరిలో డాలర్ 44 రూపాయల పైన ఉండేది. డిసెంబరు చివరికి 39 చిల్లరకు దిగింది. అదే కాలంలో వాణిజ్య లోటు, అంటే సరుకుల ఎగుమతుల రాబడిని మించిన దిగుమతుల ఖర్చు, తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. రిజర్వు బ్యాంకు చెల్లింపుల శేషం ప్రకారం 2006-07లో సుమారు 6,200 కోట్ల డాలర్లున్న లోటు 2007-08లో 9,000 కోట్లు దాటింది. ముడిచమురు ధర 2008 జనవరి మొదట్లో పీపాకు 100 డాలర్లు తాకింది.

డాలర్ ధర కూడా చింతామణి టమాటా మండీ లెక్కే. ఒక ఊరి పంట దెబ్బతిన్నా మిగతా ఊళ్ళ నుంచి బాక్సులు కుప్పలుగా దిగితే ధర పడిపోతుంది. ఏ ఊరి నుంచి వచ్చాయని మండీ అడగదు. సరుకుల వ్యాపారం అందులో ఒక ఊరు మాత్రమే.

2007-08లో బయట ఉన్న మనవాళ్ళు పంపిన డబ్బు 4,000 కోట్ల డాలర్లు దాటింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతులూ దాదాపు అంతే తెచ్చాయి. ఇలాంటివన్నీ కలిపాక మిగిలిన కరెంటు ఖాతా లోటు సుమారు 1,600 కోట్లే. దానికి ఎదురుగా పెట్టుబడులు, అప్పుల రూపంలో నికరంగా 10,000 కోట్ల డాలర్ల పైన దేశంలోకి దిగాయి. ఆ అక్టోబరులో సెన్సెక్స్ 20,000 తాకింది. అమెరికాలో సెప్టెంబరు నుంచి వడ్డీలు తగ్గుతుంటే ఇక్కడ రెపో రేటు 7.75 శాతం ఉంది. డబ్బు ఎటు నడుస్తుందో వేరే చెప్పాలా? మేము గుమాస్తాగా ఉన్నప్పుడు కూడా లెడ్జరులో ఖర్చు పుట ఒక్కటే చూసి నిల్వ చెబితే పెద్దసారు ఒప్పుకునేవారు కాదు.

అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి గారు. రూపాయి మరీ ఎగరకుండా బ్యాంకు డాలర్లను కొంటూ పోయింది. విదేశీ మారక నిల్వలు 2007 మార్చిలో సుమారు 20,000 కోట్ల డాలర్లుంటే ఏడాదికి దాదాపు 31,000 కోట్లకు చేరాయి. డాలర్లు కొన్నప్పుడు బయటికి వెళ్ళిన రూపాయలతో ధరలు మండకుండా 2004లో మొదలైన మార్కెట్ స్థిరీకరణ పథకం కింద బాండ్లు అమ్మి వాటిని వెనక్కి లాగేవారు.

రూపాయి బలపడితే అందరికీ మంచిదని అనుకోవడం పొరపాటు. పిల్లవాడు 1,000 డాలర్లు పంపితే ఏడాది మొదట్లో ఇంటికి 44,000 చేరేది, చివరికి 39,500 కూడా రాలేదు. చైనా ముడిపట్టు డాలర్ ధర మారకపోయినా ఇక్కడ రూపాయల్లో చవకవుతుంది. దానితో పోటీ పడాల్సిన రీలరు మన గూళ్ళకు ధర పెట్టడానికి వెనకాడతాడు. పెట్రోలు, బంగారం దిగుమతి ఖర్చు మాత్రం కొంత తేలికైంది.

వచ్చిన పెట్టుబడిలో కొంత చుట్టపుచూపుగా వచ్చిందే. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలాక విదేశీ మదుపరులు ఇక్కడి షేర్లు అమ్ముకుని డాలర్లు పట్టుకుపోయారు. 2008-09లో వాణిజ్య లోటు సుమారు 12,000 కోట్ల డాలర్లకు పెరిగింది, రూపాయి మాత్రం 40 దగ్గరి నుంచి 50 దాటి పడిపోయింది. రెండేళ్ళూ లోటు పెరిగింది, రూపాయి ఒక ఏడు లేచింది, మరో ఏడు పడింది.

సరుకుల లోటు లెక్కను వాణిజ్య మంత్రిత్వ శాఖ నెలనెలా ఇస్తుంది. మనవాళ్ళు పంపే డబ్బు, పెట్టుబడులు, అప్పులు కలిపిన పూర్తి లెక్కను రిజర్వు బ్యాంకు మూడు నెలలకొకసారి విడుదల చేస్తుంది.